ఈఆర్‌పీలో మాస్టర్ డేటా, కేటగిరీల ఏర్పాటు: ఏ వరుసలో, ఎలా చేయాలి

ఈఆర్‌పీ (సంస్థలోని కొనుగోలు, అమ్మకం, నిల్వ, ఖాతాలను ఒకేచోట నడిపే) సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా అమలు చేస్తున్నవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండు. ఐటెమ్‌లు, సరఫరాదారులు, కస్టమర్ల రికార్డులను ఏ వరుసలో సృష్టించాలి? కేటగిరీలు ఎన్ని ఉండాలి? ఈ రెండింటికీ సమాధానం ఒకేచోట ఉంది. తరువాత మార్చడం కష్టమయ్యే నిర్ణయాలను ముందు తీసుకోవాలి. ఎప్పుడైనా మార్చుకోగలిగిన వాటిని తరువాతికి వదిలేయాలి. ఈ మార్గదర్శి అంతా ఆ వరుసలోనే సాగుతుంది. ఉదాహరణలకు కొన్ని సాఫ్ట్‌వేర్ల పేర్లు ప్రస్తావించినా, పద్ధతి మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా వర్తిస్తుంది.

1. ఏది మాస్టర్ డేటా అన్నది తేల్చుకోవాలి

ఈఆర్‌పీలో ఉండే సమాచారాన్ని మూడు పొరలుగా విడదీసుకోండి.

- ఆధార డేటా: కరెన్సీలు, దేశాల కోడ్లు, కొలమానాలు, చెల్లింపు గడువులు, పన్ను కోడ్లు.
- మాస్టర్ డేటా: ఐటెమ్‌లు, సరఫరాదారులు, కస్టమర్లు, లెడ్జర్ ఖాతాలు, కాస్ట్ సెంటర్లు (ఖర్చును విడివిడిగా లెక్కించే విభాగాలు), స్థిరాస్తులు.
- లావాదేవీలు: కొనుగోలు ఆర్డర్లు, సరుకు రసీదులు, ఇన్‌వాయిస్‌లు, చెల్లింపులు.

ఏదైనా సమాచారం ఏ పొరకు చెందుతుందో తెలియనప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ రికార్డు ఒకసారి సృష్టించిన తరువాత ఒకటికి మించిన విభాగాల లావాదేవీల్లో మళ్లీ మళ్లీ వాడుకలోకి వస్తుందా? వస్తే అది మాస్టర్ డేటా. ఒక్కసారే కొని మరచిపోయే వస్తువుకు ఐటెమ్ కోడు అవసరం లేదు. కొనుగోలు ఆర్డరులో వివరణ రాసి, కేటగిరీ ఎంచుకుంటే సరిపోతుంది. ఈ ఒక్క నియమం పాటిస్తే ఐటెమ్ జాబితా అనవసరంగా పెరగదు.

తరువాత ప్రతి ఆబ్జెక్టు (ఐటెమ్, సరఫరాదారు వంటి రికార్డు రకం) సరిహద్దునూ రాసుకోవాలి. ఒకే సంస్థ మీకు సరుకు అమ్ముతూ, మీ దగ్గర కొంటూ కూడా ఉండవచ్చు. దానికి రెండు రికార్డులు పెట్టాలా, రెండు పాత్రలున్న ఒకే రికార్డు పెట్టాలా? ఎస్‌ఏపీ కంపెనీ ఎస్/4హానా సాఫ్ట్‌వేర్‌లో సరఫరాదారు, కస్టమర్ ఇద్దరూ బిజినెస్ పార్టనర్ అనే ఒకే ఆబ్జెక్టు కింద పాత్రలుగా ఉంటారు. మీ సాఫ్ట్‌వేర్ అందుకు అవకాశమిస్తే ఒకే రికార్డు పద్ధతినే ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే చిరునామా మారినప్పుడు రెండుచోట్ల సరిదిద్దే పని ఉండదు.

2. వెనక్కి తీసుకోలేని నిర్ణయాల జాబితా రాయాలి

తొందరలో చాలామంది వదిలేసేది, తరువాత ఎక్కువ ఖర్చు పెట్టించేది ఈ మెట్టే. ఒక ఐటెమ్ మీద నిల్వ గానీ లావాదేవీ గానీ నమోదైన తరువాత, దాని కొన్ని లక్షణాలను మార్చడానికి చాలా సాఫ్ట్‌వేర్లు అనుమతించవు. ఉదాహరణకు ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఒక ఐటెమ్‌కు నిల్వ లెక్కించాలా వద్దా, బ్యాచ్ నంబరు ఉండాలా వద్దా అన్న ఎంపికలు స్టాకు లావాదేవీ జరిగిన తరువాత మార్చుకునేవి కావు. ఎస్‌ఏపీలో కూడా నిల్వ, తెరిచి ఉన్న ఆర్డర్లు ఉండగా మూల కొలమానాన్ని మార్చనివ్వదు.

ముందుగా తేల్చవలసినవి ఇవి:

- మూల కొలమానం: నిల్వను ఏ కొలతలో లెక్కిస్తారు?
- నిల్వ లెక్కింపు: ఇది స్టాకు ఐటెమా, సేవా, నేరుగా ఖర్చులో రాసేదా?
- బ్యాచ్ లేదా సీరియల్ నంబరు అవసరమా?
- విలువ కట్టే పద్ధతి: ప్రామాణిక ధరా, సగటు ధరా, ముందు వచ్చింది ముందు పోయే పద్ధతా?
- రికార్డు పరిధి: ఏ సమాచారం సంస్థ అంతటికీ ఒకటే, ఏది ప్లాంటు లేదా గోదాము వారీగా వేరు?
- కోడు పొడవు, నంబర్ సిరీస్ (కోడ్లకు వరుసగా ఇచ్చే సంఖ్యల శ్రేణి).

మూల కొలమానం గురించి కొంత వివరంగా చెప్పాలి. సరుకును పెట్టెల్లో కొని విడి సంఖ్యల్లో వాడే సంస్థలో కొనుగోలు విభాగం పెట్టెనే మూల కొలమానంగా పెట్టమని అడుగుతుంది. ఆ అభ్యర్థనను అంగీకరించవద్దు. నిల్వలోంచి బయటికి వెళ్లే అతి చిన్న పరిమాణం ఏదో దాన్నే మూల కొలమానంగా పెట్టి, పెట్టెను కొనుగోలు కొలమానంగా చేర్చండి.

మార్పిడి లెక్క ఎక్కడ రాస్తున్నారన్నది కూడా ముఖ్యమే. కిలోకు 1000 గ్రాములన్నది అన్నిచోట్లా ఒకటే కాబట్టి దాన్ని ఆధార డేటాలో పెట్టవచ్చు. పెట్టెకు ఎన్ని అన్నది ఐటెమ్‌ను బట్టి మారుతుంది కాబట్టి దాన్ని ఆ ఐటెమ్ రికార్డులోనే పెట్టాలి. అలాగే సంఖ్యల్లో లెక్కించే కొలమానానికి దశాంశ స్థానాలు సున్నాగా ఉంచండి. లేకపోతే గోదాములో రెండున్నర మోటార్లు ఉన్నట్టు నివేదిక వస్తుంది.

3. కేటగిరీలను పనిని బట్టి విడదీయాలి

కేటగిరీ అంటే ఐటెమ్‌లను చక్కగా సర్దే పేరు మాత్రమే అనుకుని మొదలుపెట్టడం వల్లే ఎక్కువ చిక్కులు వస్తాయి. ఈఆర్‌పీలో కేటగిరీ అనేది, పద్దు ఏ ఖాతాలోకి వెళ్లాలో, ఏ ఫీల్డు తప్పనిసరో, విలువ ఎలా కట్టాలో నిర్ణయిస్తుంది. కాబట్టి ‘కేటగిరీ’ అనే మాట కింద కలిసిపోయే మూడు పనులను వేరు చేయాలి.

మొదటిది ప్రవర్తనను నిర్ణయించే కేటగిరీ. ముడిసరుకు, అర్ధతయారీ, తయారైన సరుకు, కొని అమ్మే సరుకు, విడిభాగాలు, సేవలు ఇందులోకి వస్తాయి. ఇవి తక్కువ ఉండాలి. రెండవది ఖాతాలను నిర్ణయించే కేటగిరీ: నిల్వ ఖాతా, ఖర్చు ఖాతా, అమ్మకం ఖాతా దీన్నిబట్టి ఎంపికవుతాయి. మూడవది విశ్లేషణకు వాడే వర్గీకరణ: ఏ రకం సరుకుకు ఎంత ఖర్చు చేశాం, ఏ సరఫరాదారుతో బేరమాడాలి అనే ప్రశ్నలకు ఇది జవాబిస్తుంది.

పెద్ద సాఫ్ట్‌వేర్లు ఈ పనులను ఇప్పటికే విడదీసి ఉంచాయి. ఎస్‌ఏపీలో మెటీరియల్ టైప్, వాల్యుయేషన్ క్లాస్, మెటీరియల్ గ్రూప్ మూడు వేర్వేరు ఫీల్డులు. ఒరాకిల్‌లో కేటగిరీ సెట్ల ద్వారా ఒకే ఐటెమ్‌ను వేర్వేరు అవసరాలకు వేర్వేరు వర్గీకరణల్లో ఉంచవచ్చు. డైనమిక్స్ 365లో ఖాతాల పోస్టింగ్‌కు ఐటెమ్ గ్రూప్, విలువ కట్టే విధానానికి ఐటెమ్ మోడల్ గ్రూప్ ఉంటే, కొనుగోలు వర్గీకరణకు వేరే శ్రేణి ఉంటుంది. ఓడూలో మాత్రం ప్రొడక్ట్ కేటగిరీయే విలువ కట్టే పద్ధతినీ, నిల్వ ఖాతాలనూ మోస్తుంది. వెబ్‌సైట్‌లో చూపించే కేటగిరీలు వేరుగా ఉంటాయి. కొనుగోలుదారులకు చూపించాలనుకున్న విభజనను ఓడూలో ప్రొడక్ట్ కేటగిరీగా సృష్టిస్తే, ప్రతి కొత్త విభజనకూ ఖాతాల అమరికను చూసుకోవలసి వస్తుంది.

కొత్త కేటగిరీ కావాలని ఎవరైనా అడిగినప్పుడు ఈ ప్రశ్నలను వరుసగా వేయండి:

- దీనివల్ల లెడ్జర్ ఖాతా మారుతుందా?
- విలువ కట్టే పద్ధతి మారుతుందా?
- తప్పనిసరి ఫీల్డులు గానీ, ఆమోదం ఇచ్చే వ్యక్తి గానీ మారుతారా?
- నంబర్ సిరీస్ మారుతుందా?

నాలుగింటికీ ‘లేదు’ అన్న జవాబే వస్తే, అడిగింది కేటగిరీ కాదు, ఒక లక్షణం. రంగు, పరిమాణం, బ్రాండు, తయారీదారు ఇటువంటివే. వాటికి ప్రత్యేక ఫీల్డు పెట్టండి. ‘నీలం పెయింటు’, ‘ఎరుపు పెయింటు’ అని కేటగిరీలు పెట్టినచోట రంగుల సంఖ్యతోపాటు కేటగిరీల చెట్టు (పై స్థాయి నుంచి కింది స్థాయిలకు కొమ్మలుగా విడిపోయే అమరిక) కూడా పెరుగుతూనే ఉంటుంది.

విశ్లేషణ వర్గీకరణను సొంతంగా కల్పించే బదులు, ఇప్పటికే ఉన్న ప్రమాణాన్ని ఆధారం చేసుకోవచ్చు. యూఎన్‌ఎస్‌పీఎస్‌సీ (సరుకులు, సేవల అంతర్జాతీయ వర్గీకరణ) కోడులో 8 అంకెలుంటాయి. సెగ్మెంట్, ఫ్యామిలీ, క్లాస్, కమోడిటీ అనే నాలుగు స్థాయిలకు రెండేసి అంకెలు. ఎగుమతి, దిగుమతులున్న సంస్థకు హెచ్‌ఎస్ కోడు (కస్టమ్స్ కోసం సరుకులకు ఇచ్చే కోడు) కూడా కావాలి. దాని మొదటి 6 అంకెలు అంతర్జాతీయంగా ఒకటే, ఆపైన వచ్చే అంకెలు దేశాన్ని బట్టి మారుతాయి. అయితే హెచ్‌ఎస్ కోడును సుంకం కోసం రూపొందించారు కాబట్టి దాన్నే కొనుగోలు వర్గీకరణగా వాడవద్దు. రెండింటికీ రెండు ఫీల్డులుండాలి.

చెట్టు లోతు మూడు స్థాయిలకు మించకపోవడం మేలని నా అభిప్రాయం. నాలుగో స్థాయి కావాలనిపించిన చాలా సందర్భాల్లో నిజానికి కావలసింది లక్షణమే. ఐటెమ్‌లను చెట్టు చివరి కొమ్మకే జోడించాలి, మధ్య స్థాయిలకు జోడించనివ్వకూడదు. ‘ఇతరములు’ అనే కేటగిరీని తప్పనిసరైతేనే పెట్టి, దానికొక బాధ్యుడిని నియమించి, నెలనెలా ఖాళీ చేయించాలి.

4. కోడ్లు, పేర్ల నియమం నిర్ణయించాలి

కోడులోనే అర్థమంతా ఇమడ్చాలన్న కోరిక చాలామందిలో కనిపిస్తుంది: మొదటి రెండక్షరాలు వర్గం, తరువాతి మూడు పరిమాణం, చివరివి రంగు. వర్గం మారిన రోజు ఆ కోడు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది, కానీ లావాదేవీలు దానిమీదే ఉంటాయి కాబట్టి మార్చలేరు. అందువల్ల అర్థం లేని వరుస సంఖ్యను సాఫ్ట్‌వేరే ఇచ్చేలా అమర్చి, అర్థాన్ని కేటగిరీకి, లక్షణాలకు వదిలేయండి. ముందుభాగంలో ఆబ్జెక్టు రకాన్ని సూచించే ఒక అక్షరం పెట్టుకుంటే తప్పులేదు.

- కోడ్లన్నీ ఒకే పొడవులో ఉండాలి. మొదటి అంకె సున్నా కాకూడదు.
- ఇంగ్లిషు ‘ఓ’ అక్షరాన్ని, ‘ఐ’ అక్షరాన్ని వాడకూడదు. చదివేవారు వాటిని సున్నాగానో ఒకటిగానో పొరబడతారు.
- ఖాళీలు, కామాలు, కొటేషన్ గుర్తులు కోడులో ఉండకూడదు.
- సాఫ్ట్‌వేర్ అనుమతించే గరిష్ఠ పొడవు వరకు వెళ్లనవసరం లేదు. ఎస్/4హానా మెటీరియల్ నంబరును 18 అక్షరాల నుంచి 40కి పెంచింది, కానీ పాత పొడవుకే కట్టుబడిన అనుబంధ సిస్టమ్‌లు మీ దగ్గర ఉండవచ్చు.

పేరు విషయంలో నామవాచకం ముందు, విశేషణాలు తరువాత అన్న పద్ధతిని పాటించండి. ఉదాహరణ: ‘బేరింగ్, బాల్, 6205, 25×52×15 మి.మీ.’ ఇలా రాస్తే జాబితాను అక్షరక్రమంలో పెట్టినప్పుడు బేరింగ్‌లన్నీ ఒకచోటికి చేరతాయి, డూప్లికేట్లు కంటికి కనిపిస్తాయి. అదే సమయంలో 6205-జెడ్‌జెడ్, 6205-2ఆర్‌ఎస్ అనేవి ఒకటి కావు; మొదటిదానికి లోహపు కవచం, రెండవదానికి రబ్బరు సీలు ఉంటాయి. పేరులో ఆ ఒక్క ముక్క లోపిస్తే గోదాములో తప్పుడు సరుకు చేతికొస్తుంది. అందుకే ప్రతి కేటగిరీకి ఏ లక్షణాలు ఏ వరుసలో పేరులోకి రావాలో ఒక నమూనా రాసి, ఆ పని తెలిసిన ఇంజనీరుతో ఆమోదింపజేయాలి.

5. ఫీల్డుల బాధ్యత పంచాలి

ఒక పట్టికలో ఆబ్జెక్టులోని ప్రతి ఫీల్డుకూ నాలుగు విషయాలు రాయండి: ఎవరు నింపుతారు, తప్పనిసరా కాదా, ఏ విలువలు చెల్లుతాయి, ఎవరు ఆమోదిస్తారు. కొనుగోలు విభాగం సరఫరా వ్యవధిని, అకౌంట్స్ విభాగం ఖాతాల కేటగిరీని, గోదాము నిల్వచేసే చోటును నింపాలి. అన్నింటినీ ఒకరే నింపే పద్ధతిలో తెలియని ఫీల్డుల్లోకి ఊహలు చేరతాయి.

తప్పనిసరి ఫీల్డులను పొదుపుగా ఎంచుకోండి. నింపడానికి సమాచారం లేని ఫీల్డును తప్పనిసరి చేస్తే, వినియోగదారులు చుక్కలు, సున్నాలు టైపు చేసి ముందుకు వెళతారు. ఖాళీ ఫీల్డును వెతికి పట్టుకోవచ్చు గానీ ఇలాంటి విలువలను పట్టుకోవడం కష్టం. దేశాలకు ఐఎస్‌ఓ 3166, కరెన్సీలకు ఐఎస్‌ఓ 4217 అనే అంతర్జాతీయ ప్రమాణాల కోడ్ల జాబితాలను వాడి, చేత్తో టైపు చేసే అవకాశం తీసివేయండి.

6. సిస్టమ్‌లో సృష్టించే వరుస

పై నిర్ణయాలకు ఆమోదం వచ్చాకే సిస్టమ్‌లోకి దిగాలి. ఈ వరుసను తప్పించవద్దు, ఎందుకంటే ప్రతి మెట్టూ దానికి ముందున్న మెట్టును ఆధారం చేసుకుంటుంది.

1. ఆధార డేటా: కరెన్సీలు, దేశాలు, కొలమానాలు, పన్ను కోడ్లు, చెల్లింపు గడువులు.
2. సంస్థ నిర్మాణం: కంపెనీలు, ప్లాంట్లు, గోదాములు, అమ్మకం విభాగాలు.
3. లెడ్జర్ ఖాతాలు, కాస్ట్ సెంటర్లు.
4. నంబర్ సిరీస్‌లు.
5. ప్రవర్తన కేటగిరీలు, ఖాతాల కేటగిరీలు, వాటికి ఖాతాల జోడింపు.
6. విశ్లేషణ వర్గీకరణ, లక్షణాల జాబితాలు.
7. సరఫరాదారులు, కస్టమర్లు.
8. ఐటెమ్‌లు: ముందు ఉమ్మడి సమాచారం, తరువాత ప్లాంటు వారీ సమాచారం.
9. సంబంధాలు: ధరల జాబితాలు, సరఫరాదారు–ఐటెమ్ జోడింపులు, ఉత్పత్తికి కావలసిన భాగాల జాబితాలు.
10. ప్రారంభ నిల్వలు, ప్రారంభ బాకీలు.

ఐదో మెట్టు పూర్తయ్యాక కొద్దిసేపు ఆగి, ప్రతి కేటగిరీకి ఒక్కొక్క ఐటెమ్‌ను చేత్తో సృష్టించి చూడండి. వేల రికార్డులను ఎక్కించిన తరువాత బయటపడే లోపాలు చాలావరకు ఈ కొద్ది ఐటెమ్‌లలోనే బయటపడతాయి.

7. పాత డేటాను శుద్ధి చేసి ఎక్కించాలి

పాత జాబితాను ఉన్నదున్నట్టుగా తెచ్చుకోవద్దు. సంస్థ పని తీరునుబట్టి ఒక గడువు పెట్టుకుని, ఆ గడువులో లావాదేవీ గానీ, నిల్వ గానీ, బాకీ గానీ లేని రికార్డులను పక్కన పెట్టండి. వారంటీ, చట్టపరమైన అవసరాలున్నవాటిని మాత్రం మినహాయించాలి.

సరఫరాదారుల డూప్లికేట్లను పేరుతో వెతికితే చాలా దొరకవు. పేరులోని ఖాళీలు, చుక్కలు, ‘లిమిటెడ్’ వంటి మాటలు తీసివేసి పోల్చండి. ఆపైన పన్ను నమోదు సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోను, ఈమెయిల్ వారీగా పోల్చండి. ఒకే బ్యాంకు ఖాతా ఇద్దరు సరఫరాదారులకు ఉంటే అది డూప్లికేటు కావచ్చు, మోసమూ కావచ్చు. రెండు సందర్భాల్లోనూ అకౌంట్స్ విభాగం చూసి తేల్చేదాకా ఆ రికార్డులను ఎక్కించవద్దు.

ఏ పాత కోడు ఏ కొత్త కోడుగా మారిందో చెప్పే పట్టికను మొదటి రోజు నుంచే భద్రపరచండి. ప్రారంభ నిల్వల సమన్వయానికి, ఆడిట్ ప్రశ్నలకు జవాబిచ్చేది ఆ పట్టికే.

ఎక్కించే ఫైలు తనిఖీ జాబితా:

- కోడ్లు, ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న నిలువు వరుసలను టెక్స్ట్‌గా మార్చారా? ఎక్సెల్ సంఖ్యల్లో మొదటి సున్నాలు తొలగిపోతాయి. 15 అంకెల తరువాతివి సున్నాలుగా మారిపోతాయి.
- సీఎస్‌వీ ఫైలును (విలువల మధ్య కామాలుండే టెక్స్ట్ ఫైలు) యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో భద్రపరిచారా? లేకపోతే తెలుగు పేర్లు చెడిపోతాయి.
- తేదీలన్నీ ఒకే రూపంలో ఉన్నాయా?
- బార్‌కోడు నంబర్ల చివరి తనిఖీ అంకె సరిపోలుతోందా?
- ప్రతి కేటగిరీ కోడూ సిస్టమ్‌లో ఉన్నదేనా?
- ఫైలులోని రికార్డుల సంఖ్య, ఎక్కినవి, తిరస్కరణకు గురైనవి కలిపితే లెక్క సరిపోతోందా?

ముందు పరీక్ష సిస్టమ్‌లో చిన్న నమూనాను, తరువాత మొత్తాన్ని ఎక్కించి చూడండి. తిరస్కరణకు గురైన రికార్డులను సిస్టమ్‌లో చేత్తో సరిచేయకుండా, మూల ఫైలులోనే సరిచేసి మళ్లీ ఎక్కించాలి. అలా చేయకపోతే అసలు సిస్టమ్‌లోకి ఎక్కించే రోజున అవే తప్పులు తిరిగి వస్తాయి.

8. లావాదేవీలతో పరీక్షించాలి

రికార్డు తెరమీద బాగా కనిపించడం పరీక్ష కాదు. ప్రతి ప్రవర్తన కేటగిరీ నుంచీ ఒక ఐటెమ్ తీసుకుని కొనుగోలు ఆర్డరు, సరుకు రసీదు, ఇన్‌వాయిస్, చెల్లింపు వరకు నడపండి. అమ్మే సరుకైతే అమ్మకం ఆర్డరు నుంచి వసూలు వరకు నడపండి. వాపసు, నిల్వ సవరణ కూడా తప్పనిసరిగా చేయండి. ఖాతాల జోడింపులో లోపాలు ఎక్కువగా ఈ రెండుచోట్లే దాక్కుని ఉంటాయి. ప్రతి దశలోనూ పద్దు ఏ ఖాతాలో పడిందో అకౌంట్స్ విభాగం వారే చూసి సంతకం చేయాలి.

జరగకూడనివి జరగడం లేదని కూడా నిరూపించుకోవాలి. అదే పన్ను నమోదు సంఖ్యతో రెండో సరఫరాదారును సృష్టించే ప్రయత్నం చేయండి. మధ్య స్థాయి కేటగిరీకి ఐటెమ్ జోడించి చూడండి. అనుమతి లేని వినియోగదారుగా లాగిన్ అయి బ్యాంకు ఖాతా మార్చి చూడండి. ఈ మూడింటినీ సిస్టమ్ అడ్డుకోవాలి.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి సవరణలు

*మూల కొలమానం తప్పు పడింది.* నిల్వ, తెరిచి ఉన్న ఆర్డర్లు లేకపోతే నేరుగా మార్చడానికి ప్రయత్నించవచ్చు. ఉంటే, సరైన కొలమానంతో కొత్త కోడు సృష్టించి, ఆర్డర్లను ముగించి, నిల్వను మొత్తం విలువ మారకుండా కొత్త కోడుకు బదిలీ చేసి, పాతదాన్ని నిలిపివేయాలి. పాత రికార్డులో కొత్త కోడును రాసిపెట్టాలి.

*ఐటెమ్ తప్పు ఖాతాల కేటగిరీలో ఉంది.* కేటగిరీని మార్చినంత మాత్రాన పాత పద్దులు మారవు. నిల్వను సున్నా చేసి, కేటగిరీ మార్చి, నిల్వను తిరిగి చేర్చే వరుసను అకౌంట్స్ విభాగంతో కలిసి, వీలైతే నెల ముగింపు అయ్యాక చేపట్టండి.

*డూప్లికేటు రికార్డులు రెండూ వాడుకలో ఉన్నాయి.* ఒకదాన్ని నిలబెట్టాల్సిన రికార్డుగా నిర్ణయించి, రెండవదానిపై కొత్త ఆర్డర్లను ఆపండి. తెరిచి ఉన్నవి పూర్తయ్యాక మిగిలిన బాకీని, నిల్వను బదిలీ చేసి నిలిపివేయండి. లావాదేవీలున్న రికార్డును ఎప్పుడూ తొలగించవద్దు.

*కేటగిరీలు లెక్కకు మించి ఉన్నాయి.* ఒక్క ఐటెమ్ కూడా లేనివాటిని ముందు మూసివేయండి. మిగిలినవాటిలో ఒకే ఖాతాలు, ఒకే పద్ధతి ఉన్నవాటిని కలిపి, వాటి మధ్య తేడాను లక్షణంగా నమోదు చేయండి. నివేదికలు పాత కేటగిరీల మీద ఆధారపడి ఉన్నాయేమో కలపడానికి ముందే చూసుకోవాలి.

10. ప్రారంభమైన తరువాత నిర్వహణ

సృష్టించే హక్కు కొద్దిమందికే ఉండాలి, అడిగే హక్కు అందరికీ ఉండాలి. కొత్త రికార్డు అడిగే ఫారంలో ‘ఉన్న రికార్డుల్లో వెతికారా, ఏ మాటతో వెతికారు’ అన్న గడి పెట్టండి. అభ్యర్థనకు జవాబు ఆలస్యమైతే వినియోగదారులు దగ్గరగా కనిపించే తప్పుడు కోడును వాడేస్తారు కాబట్టి, జవాబిచ్చే గడువును కూడా ముందే ప్రకటించాలి.

సరఫరాదారు బ్యాంకు ఖాతా మార్పును మాత్రం విడిగా, కఠినంగా చూడండి. మార్చేవారు ఒకరు, ఆమోదించేవారు మరొకరు కావాలి. నిర్ధారించుకోవడానికి అభ్యర్థన లేఖలో ఉన్న నంబరుకు కాకుండా, మీ రికార్డులో ముందునుంచీ ఉన్న నంబరుకే ఫోను చేయాలి.

ప్రతి నెలా చూడవలసినవి:

- ‘ఇతరములు’ కేటగిరీలో ఉన్న ఐటెమ్‌లు
- తప్పనిసరి ఫీల్డుల్లో చుక్కలు, సున్నాలు ఉన్న రికార్డులు
- ఆ నెలలో సృష్టించిన రికార్డుల్లో డూప్లికేట్లు
- బ్యాంకు ఖాతా మారిన సరఫరాదారులు, ఆ మార్పును ఆమోదించినవారు
- నిల్వ ఉండి కూడా నిలిపివేసిన ఐటెమ్‌లు